వెయ్యని పెనం

పాకాల ప్యాసింజర్లో కిటికీ పక్క సీటు నాకే ఇస్తారు,
నా దగ్గు విని.

తిరుపతి పెద్దాసుపత్రిలో నేను చెంగమ్మను కాదు,
నలభై ఏడు.
"ఊదమ్మా, ఊదు, ఊదు, ఇంకా, ఇంకా!"
గానుగెద్దును అదిలించినట్టు అరుస్తుంది భార్గవి.
గొట్టంలోకి ఊదీ ఊదీ
కళ్ళల్లో మిణుగురులు.

ఇరవై ఆరేళ్ళు పొయ్యిలోకి చెరుకుపిప్పి తోసినాను.
పాకం వచ్చింది వాసనతోనే చెప్పేదాన్ని.
పొగ నా లోపల ఎప్పుడు కాపురం పెట్టిందో
చెప్పలేకపోయినాను.

మూడు నెలలకు పీల్చే మందు ఇచ్చినారు.
అందులో మందుందో, ఉత్త పొడుందో
నాకూ తెలీకూడదంట, ఇచ్చే డాక్టరుకూ తెలీదంట.
చంద్రగిరి దిల్షాద్ నవ్వింది:
"వడ్డించేటోళ్ళకే ఉప్పేసింది తెలీకపోతే ఎట్లక్కా?"

పీల్చినాక నాలిక కొసన
సన్నగా తీపి.
తీపి సంగతి నాకు చెప్పాల్నా?
ఇది ఉత్తదే అనుకున్నా.
మరుసటి నెల దిల్షాద్ చెప్పింది,
తనదీ తీపేనంట.

గానుగ కాడికి హైడ్రోస్ కొత్తగా వచ్చిన ఏడు
మేస్త్రి దొరస్వామి ఒక పెనంలో వేసి
ఒక పెనంలో వెయ్యకుండా వండించినాడు.
పక్కపక్కన పెడితే కదా
దాని గుణం తెలిసేది.
వెయ్యని పెనం నల్లగా దిగింది.
మండీలో ఎవరూ అడగలేదు.
మేమే తిన్నాం, అరిటాకు ముక్కల్లో,
వేడి ఊదుకుంటా.

ఈ పూట కాగితంలో రాయించినాను:
రాత్రి రెండుసార్లు లేచినాను.
మెట్లు పదకొండు, నిలబడకుండా.
కింద వేలిముద్ర.

నేను ఏ పెనమో
భార్గవిని అడగలేదు.
బండికి టైమైంది.