ఏడేళ్ళ కాగితం

మిరపకి ఏడాది చాలు.
కందకీ పసుపుకీ ఏడాది చాలు.
ఉగాదికి నోటిమాట,
మళ్ళీ ఉగాదికి దణ్ణం.
జామచెట్టుకే మాట మీద నమ్మకం లేదు,
కాగితం అడుగుద్ది.

దశరథరామయ్య గారి అరుగు ముందు
మా ఏసుపాదం కాలి బొటనవేలితో మట్టి గీస్తూ నసిగాడు.
నేనే నోరు తెరిచాను,
"లంకలో డెబ్భై సెంట్లు, ఏడేళ్ళకి రాయండయ్యా."
ఆయన వక్కపలుకుని ఈ దవడ నుంచి ఆ దవడకి మార్చాడు.
"చెట్టు పెడితే వేరు దిగుద్ది,
వేరు దిగితే మనిషి దిగుతాడు."
దిగబోయే వేరుకి కూడా లెక్కగట్టి
ముప్పై వేల కౌలు నలభై చేశాడు.

కడియం నుంచి ఐదొందల మొక్క, ఒక్కోటి అరవై.
డ్వాక్రా అప్పు మట్టిలో పాతిపెట్టి నీళ్ళు పోశాం.

ఎనిమిదో నెలకే తోటంతా తెల్లగా పూసింది.
చూసుకుని మురిసేలోపు
రైతు భరోసా కేంద్రం కుర్రాడొచ్చాడు.
"గిల్లెయ్యండమ్మా. ఈ ఏడు కొమ్మ పెరగాలి, కాయ కాదు."
గిల్లాను.
వడ్డీని గిల్లేవాడు లేడు.

ఆ ఆదివారమే పాస్టరు గారు
ప్రథమ ఫలం మందిరానికి తెమ్మన్నారు.
గిల్లిన పూత కొంగులో మూటగట్టి
బల్ల మీద పోశాను.
ఆయన ఏమీ అనలేదు.
ప్రార్థన మాత్రం కాస్త పొడుగు చేశారు.

రెండో ఏడు
కాయకాయకీ నురగ తొడుగు, పైన కవరు, ఓ మెలి.
రోజుకి ఎనిమిదొందలు.
నా కడుపున పుట్టినోళ్ళకి ఇన్ని చొక్కాలు తొడగలేదు.

కేదారేశ్వరపేట మార్కెట్టు, తెల్లవారుజాము మూడు.
కిలో ఇరవై రెండు.
అందులో కమీషను, దించినోడి కూలి, తరుగు,
ఎందుకో తెలియని ఇంకో గీత.
చీటీ చదివి ఏసుపాదం
చేతిలో టీ చల్లారనిచ్చాడు.

మర్నాడు వారధి దిగేచోట
గోనెపట్టా పరిచి కాటా పెట్టాను.
ఓ కాయ నాలుగు ముక్కలు, ఉప్పూ కారం.
కారద్దం దించి ఒకావిడ
"గింజ తక్కువేనా?"
"తక్కువేనమ్మా. బేరం ఇంకా తక్కువ."
కిలో అరవై.

మూడో ఏడు బ్యారేజీ గేట్లన్నీ ఎత్తారు.
నాలుగు రోజులు లంకలో నడుంలోతు నీళ్ళు.
పసుపు కుళ్ళింది, అరటి పడుకుంది.
నా కాయలు
కవర్లలో గాలి పట్టుకుని తేలాయి,
కొమ్మ వదల్లేదు.

నాలుగో ఏడు అప్పు తీరింది.
ఐదో ఏడు నోటుబుక్కులో చివర
"లాబం" అని రాశాను.
ఏడో తరగతి చదివే పక్కింటి సువార్త చూసి
ఎర్రపెన్నుతో వత్తు పెట్టింది.
ఎప్పుడూ రాసే అవసరం రాలేదు మరి.

ఆరో ఏడు దశరథరామయ్య గారు కారేసుకొచ్చాడు.
చెట్లు లెక్కపెట్టాడు.
ఓ కాయ కొరికి, తియ్యగా ఉందని చెప్పకుండా
"వచ్చే ఉగాదికి అయిపోద్దిగా కాగితం" అన్నాడు.

ఆ వారమే మొదలుపెట్టాను.
పెన్సిల్ లావు కొమ్మకి
ఉంగరమంత బెరడు ఒలిచి
తడి నాచు చుట్టి కవరు కట్టాను.
ఎనిమిదొందల కట్లు.
దెబ్బలు తగిలాయా తోటకి, అన్నారు దారినపోయేవాళ్ళు.
రెండు వానల తర్వాత
కవరు లోపల సన్నగా, తెల్లగా వేళ్ళు.
అయ్యా, ఇవి మీ నేల మీద దిగలేదు.

మొన్న ఆయన కోడలు ఫోను చేసింది.
కాలవ అవతల రెండెకరాలకి జామంట్లు కావాలంట.
ఎంత, అంది.
ఎనభై అన్నాను.
కాగితం సంగతి ఆవిడ ఎత్తలేదు.
నేనూ ఎత్తలేదు.
సగం డబ్బు ముందు పంపమని మాత్రం
రెండుసార్లు చెప్పాను.