మూరెడు పొద్దు

గేటు ముందర రేకు పళ్ళెం.
అందులో గాజులు, కమ్మలు,
చేతికి కట్టుకున్న మొక్కుదారం కూడా.
గుజ్జు లైను మీదికి ఏదీ పోగూడదు,
చేతులు తప్ప.

చిత్తూరుకు పదిమైళ్ళ ఇవతల, జూన్ నెల.
రోడ్డు పొడుగునా ట్రాక్టర్లు.
నిన్నటి నించీ వరస కదల్లేదని
బెంగళూరు కాయల కుప్ప మీదనే
తువ్వాలు పరుచుకుని పడుకున్నాడొక డ్రైవరు.
ఈడ పండి, ఆ ఊరి పేరు మోసే కాయ.
నేనూ అట్లాంటిదాన్నే.

సంచిలో స్కెచ్ పుస్తకం.
ఆడవాళ్ళ గడియారం, నూరంటే నూరే చేస్తారట.
"మీ సొంతూరు కనబడాల" అన్నారు మీటింగులో.
ఎట్లా కనబడాలో వాళ్ళే చెప్పారు:
గోపురం, తామర, కెంపుకన్ను నెమలి.
తలాడించి వచ్చాను.
మూడు వారాలు గోపురాన్ని గీసి చెరిపి, గీసి చెరిపి.
ముప్పై నాలుగు మిల్లీమీటర్ల గుండ్రంలో
ఏ గోపురమైనా
అగరొత్తుల పెట్టె మీది బొమ్మే.

షిఫ్టుకు ముందు రెడ్డెమ్మక్క
అందరినీ గేటు కాడ నిలబెట్టింది.
కాగితం పట్టీ చుట్టి మణికట్లు కొలిచాను.
"గాజులు పెట్టిస్తావామే?"
"నాది రెండు సుట్లు రాసుకో, లావు!"
నవ్వుల మధ్య అంకెలు రాసుకుంటూ చూశాను,
ప్రతి చేతి మీదా సొన కాల్చిన మచ్చ.
తొడిమ తెగినప్పుడు చిమ్మి, ఎండి, నల్లబడి,
అంచున మాత్రం తేనె రంగు.
నా దగ్గర నూటెనభై రంగుల ఎనామిల్ పలక ఉంది.
అందులో ఇది లేదు.

"లోపల టైము ఎట్లా తెలుస్తాది?"
కన్నెమ్మకు నా ప్రశ్నే వింతగా ఉంది.
"కిటికీ ఉండాది కదమ్మా.
మూరెడు పొద్దెక్కితే టీ. బారెడెక్కితే సద్ది.
మళ్ళా మూరెడు పొద్దుండంగా ఇంటికి."

రాసే చెయ్యి ఆగింది.
మూర.
బార.
మోచేతి నించి వేలి కొస దాకా ఒక పొద్దు,
రెండు చేతులూ చాపితే ఇంకొక పొద్దు.
చేత్తో కొలిచిన కాలాన్ని
చేతికి కట్టడానికి
నేనెందుకు ఇంత చుట్టు తిరిగి వచ్చినట్టు?

ట్రాక్టరు తొట్టి పలక మీద పుస్తకం ఆనించి గీశాను.
అంకెలు వద్దు.
పొట్టి ముల్లు మూర, పొడుగు ముల్లు బార,
నాలుగు మూరలకు ఒక బార, లెక్క తప్పకుండా.
పొట్టిది మరీ పొట్టిగా ఉందంటారు. అననీ.
డయలుకు ఆ మచ్చ రంగు, అంచున తేనె.
నెమలి ఎగిరిపోయింది, ఎటు పోయిందో చూడలేదు.

"ఎంత పెడతారు దీనికి?" అక్క అడిగింది.
"నాలుగు లక్షలు."

ఈ ఏడు కాయ కిలో నాలుగు రూపాయలు.
ఆమె వేలి కణుపుల మీద బొటనవేలు నడిచింది.
"నూరు టన్నులు" అంది.
"బండికి నాలుగు లెక్కన ఇరవై అయిదు బండ్లు."
తలతిప్పి రోడ్డు చూసింది.
"అదో, ఆ మలుపు దాకా."

ఏమనాలో తెలీక
నా చేతిది విప్పి ఆమె చేతికి పెట్టాను.
"దీనికి బ్యాటరీ లేదక్కా.
చెయ్యి కదిలితే దానంతటదే చుట్టుకుంటాది.
చెయ్యి ఆగిందంటే రెండు రోజులకు ఇదీ ఆగుతాది."
"మా చేతులు ఆగేదెప్పుడే?" అంది,
ఎండకేసి పట్టి, ఇటు తిప్పి, అటు తిప్పి.

సైరను.

విప్పి పళ్ళెంలో పెట్టింది,
వేరే వాళ్ళ గాజుల మధ్య.
వాచ్‌మన్ పైన గుడ్డ కప్పాడు.

గేటు పక్క రాయి మీద కూర్చున్నాను.
గుడ్డ కింద అది నడుస్తూనే ఉంటుంది, తెలుసు.
మూరెడు పొద్దుండంగా
ట్రాక్టర్ల వరస
ఒక బారెడు కదిలింది.