బొగ్గు తుడిచే గుడ్డ

వన్‌టౌన్‌లో తెల్లారకముందే నా డ్యూటీ.
బకెట్టు, పొడుగు కర్ర, మెత్తటి గుడ్డ,
నూకరత్నం గారి మూడో అంతస్తు మీదికి
పిట్టగోడ లేని మెట్లు.

పలకలు ఇంకా నిద్రలోనే ఉంటాయి
చల్లగా, మంచు తడితో.
వేలితో గీస్తే గీత పడుతుంది.
దుమ్మనుకునేరు, బొగ్గు.
రేవులో ఓడ దిగి
రైలెక్కబోతూ కొంచెం జారి
ఇంటింటికీ చుట్టపుచూపుగా వచ్చిన బొగ్గు,
ఆరేసిన చీరల మీద, మూత మరిచిన ఇడ్లీ పిండి మీద,
ఇప్పుడు సూర్యుడికీ ఆయన పనికీ మధ్య.

నిన్న పదకొండు యూనిట్లు.
తుడిచిన రోజు పద్నాలుగు.
ఆ మూడూ నా గుడ్డలో ఉన్నాయి,
పిండితే నల్లగా కారతాయి.

నేర్పిన సారు బోర్డు నిండా గీశాడు.
నాకు మిగిలింది ఇంతే:
ఈ పలక ఒకప్పుడు ఇసుక.
మిట్టమధ్యాహ్నం బీచిలో చెప్పుల్లేకుండా దిగితే
మనల్ని గెంతులేయించే ఇసుక లాంటిదే.
కరిగించి, శుద్ధి చేసి, పల్చగా కోసి
ఎండలో పరిస్తే
వెలుగు లోపలికొచ్చి
కంటికానని రేణువుల్ని భుజం పట్టి కుదుపుతుంది.
లేచినవన్నీ ఒకే దారిన పరిగెడతాయి.
ఆ పరుగే కరెంటు.
పొగ రాదు, చప్పుడు కాదు.
దీనికి కావలసింది వెలుగు, వేడి కాదు.
మే నెల వడలో
ఇదీ మనలాగే బద్ధకిస్తుంది.

"ఇదేటే, పని సేస్తన్నట్టే అగుపడదు"
అంటాడు ఎల్లాజీ తాత,
నూకరత్నం గారి నాన్న, తెరచాప కాలం మనిషి.
ఆయనకి తిరిగేదే కావాలి.
అందుకే నీళ్ళ ట్యాంకు పక్కన
ఒక ఇనప స్తంభం, మూడు రెక్కలు, ఒక తోక.

చూపుడువేలు నోట్లో తడిపి పైకెత్తి
"పదిన్నరకి తిరుగుద్ది సూడు" అంటాడు.
పదిన్నరకి తిరుగుతుంది.

"నేలకి తొందరెక్కువే.
ఎండ తగిల్తే సాలు, కాగిపోద్ది.
సముద్రం నిదానం.
కాగిన గాలి పైకి లేత్తే
ఆ కాళీలోకి సముద్రం గాలి పరిగెట్టుకొత్తాది.
రేతిరికి తిరగబడుద్ది, అది కొండగాలి.
దాని మీద ఏటకెళ్ళేవోళ్ళం,
దీని మీద ఇంటికొచ్చేవోళ్ళం."

అయితే గాలీ ఎండ కన్న బిడ్డేనా తాతా?
"మరేటనుకున్నావు."

ఆ బిడ్డే హుద్‌హుద్ నాడు
ఈ మేడ మీది రేకుల్ని
విస్తరాకుల్లా లేపుకుపోయింది.
నడుమ కాసేపు ఆగింది.
అయిపోయిందనుకుని బయటికొచ్చినవాళ్ళని
రెండో వైపు నుంచి కొట్టింది.
వీధిలో వారం దాటినా దీపం లేదు,
ఎవరిదో జనరేటరు దగ్గర
ఫోను చార్జింగుకి యాభై రూపాయలు.
ఎండ మాత్రం మర్నాడే వచ్చింది
ఏమీ ఎరగనట్టు,
పట్టుకోడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు.

అలాంటిది మళ్ళీ వస్తే ఈ రెక్కలేం కావాలని
తాత అడగలేదు గాని, చూపు అడిగింది.
తోక చూపించాను.
గాలి మరీ మీరితే ఇది మడుచుకుంటుంది,
రెక్కలు మొహం పక్కకి తిప్పుకుంటాయని.
చాలాసేపు చూశాడు.
"తెరసాప దించడం ఎరుగునన్నమాట" అన్నాడు.
ఆ రోజు నుంచి దాన్ని "ఇది" అనడం లేదు.
"ఈడు" అంటున్నాడు.

ఆషాఢం ముసురులో పలకలు
మూడు యూనిట్ల దగ్గర చతికిలపడితే
ఈడు రాత్రంతా తిరుగుతాడు.
ఆకు కదలని ఉక్కపోతలో ఈడు నిలబడిపోతే
పలకలు పగలంతా మోస్తాయి.
ఇద్దరూ చేతులెత్తేసే రోజులూ ఉన్నాయి.
అప్పుడు మెట్ల కింద బ్యాటరీ,
అదీ అయిపోతే వీధి తీగ.
ఆ తీగ అవతలి కొసన
ఇంకా బొగ్గే మండుతోంది.
అడిగినవాళ్ళకి అదీ చెప్తాను.

రేవు వైపు ఆకాశం ఎర్రబడింది.
ఆఖరి పలక మూల
కాకి రెట్ట గోకుతుంటే
పెట్టె మీద పచ్చదీపం వెలిగింది.
గుడ్డ పిండాను.
నల్లనీళ్ళు తూములో పడి
వచ్చిన దారినే కిందికి పోయాయి.
అవతల కన్వేయరు మొదలైన చప్పుడు.
పక్క మేడ మీద
ఇంకా ఎనిమిది పలకలు.