ముప్పై, నలభై ఐదు

మంగళవారం రాత్రి తొమ్మిదింటికి
హాకీ ఆట రెండో భాగంలో
రైమో వణకడం మొదలుపెట్టాడు.
మనవాళ్ళు గోల్ కొట్టినా తల ఎత్తలేదు.
మామూలు జలుబు కాదని అప్పుడే అర్థమైంది.

గురువారం పొద్దున డాక్టరమ్మ చీటీ రాస్తూ అంది:
జ్వరం మొదలైన నలభై ఎనిమిది గంటల్లో
మొదటి మాత్ర పడాలి,
ఆలస్యమయ్యేకొద్దీ పట్టు తగ్గుతుంది,
పైగా ఈయన ఊపిరితిత్తుల్లో
ధాన్యం గిడ్డంగుల దుమ్ము ఇరవై ఆరేళ్ళది.

వేళ్ళు మడిచి లెక్కపెట్టాను.
ముప్పై ఏడు గంటలు అప్పటికే వాడేశాం
తడిగుడ్డలకీ, వేడి బెర్రీ రసానికీ,
'తెల్లారితే తగ్గుతుందిలే ఇర్యా' అన్న మాటకీ.

ఆర్థర్ వీధి షాపులో కుర్రాడు
తెరకేసీ అరకేసీ మార్చి మార్చి చూశాడు.
"కంప్యూటర్లో రెండు పెట్టెలున్నాయండీ,
అరలో లేవు."
కంప్యూటర్లో ఉన్న మందు
ఏ గొంతులో దిగుతుంది నాయనా?

ఇంకో షాపు ఫోన్లో
ఇరవై రెండు నిమిషాలు పియానో వినిపించి
"సోమవారం రావచ్చు" అంది.
బయట మైనస్ ఇరవై తొమ్మిది.
సోమవారం అంతకంటే చల్లగా తగిలింది.

ఒ-సెల్-టా-మి-విర్.
మొదటి షాపులో నాలుక మడతపడింది.
రెండోసారి కాగితం చూసి చదివాను.
నాలుగో షాపుకొచ్చేసరికి
చిన్నప్పటి ఎక్కంలా నోటికొచ్చేసింది.
మందు మాత్రం రాలేదు.

అక్కడే వరసలో నా ముందొకాయన,
భుజమ్మీద నీలం స్నోసూట్లో పాప.
కాలిపోతున్న బుగ్గ ఆయన కోటుకి అంటుకుపోయింది.
పాపకి సిరప్ కావాలట. లేదన్నారు.
ఆయనా నేనూ ఒకరినొకరు చూసుకున్నాం,
ఒకరి మందు ఇంకొకరు ఎత్తుకుపోతారేమో అన్నట్టు.
తర్వాత ఆయనే అన్నాడు,
"రేవు వైపు వెళ్ళకండి, అటునుంచే వస్తున్నా."
"ఆర్థర్ వీధికి వెళ్ళకండి," అన్నాను.
అలా రెండు 'లేవు'లు
ఇచ్చిపుచ్చుకుని విడిపోయాం.

సాయంత్రం అయిదున్నర. నలభై నాలుగున్నర గంటలు.
సింప్సన్ వీధి చివర
కిటికీలో చంకకర్రలు వేలాడే చిన్న షాపు.
తెల్లకోటు మీద పేరు: కెరీనా ఒనబిగన్.
"డెబ్బై ఐదు లేదండీ," అంది.
అలవాటైపోయింది, అప్పటికే వెనక్కి తిరిగాను.

"ఆగండి. డెబ్బై ఐదు లేదన్నాను.
ముప్పై ఉంది. నలభై ఐదు ఉంది."

కౌంటర్ మీద రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టి
డాక్టరమ్మకి ఫోన్ చేసింది.
పొద్దున్నుంచీ ఊరంతా
డెబ్బై ఐదే అడిగాను.
దాన్ని కూడి తేవచ్చని
నాకు తట్టలేదు, ఎవరూ చెప్పలేదు.
రెండో తరగతి లెక్క.

సంచీ చేతికిస్తుంటే నోట్లోంచి వచ్చేసింది:
"పిల్లలకి సిరప్?"
"తయారుగా లేదు. చీటీ తెస్తే
కాప్స్యూల్స్ విప్పి చెర్రీ పాకంలో
మేమే కలిపిస్తాం. అరగంట పని."

ఆయన పేరడగలేదు నేను.
నంబరూ లేదు.
బండి ఇంటివైపు తిప్పాల్సింది,
నాలుగో షాపు వైపు తిరిగింది.
పార్కింగ్ స్థలంలో చక్రాల జాడల మీద
అప్పుడే కొత్త మంచు పడుతోంది.
లోపలికెళ్ళి కౌంటరు పిల్లతో చెప్పాను,
నీలం స్నోసూట్, పొడుగాటి మనిషి,
మళ్ళీ వస్తే సింప్సన్ వీధి అని చెప్పమ్మా.
ఓ రసీదు వెనక రాసుకుంది.
దాన్ని ఎక్కడ పెట్టిందో చూడలేదు.

ఇంటికొచ్చేసరికి ఆరున్నర దాటింది.
రైమో లేచి కూర్చుని
రెండు చిన్న కాప్స్యూల్స్ అరచేతిలో దొర్లించాడు.
"రెండా?"
"రెండు కలిపి ఒకటి. మింగు."
మింగాడు. నీళ్ళు గడ్డం మీదికి కారాయి.
తుడుస్తుంటే అడిగాడు,
"మొన్న ఆట ఎవరు గెలిచారు?"

తెలీదన్నాను.
కిటికీ బయట
రోడ్డు మీద వెళ్ళే ప్రతి బండి దీపాలనీ
అది ఎటు తిరుగుతుందో చూస్తున్నాను.