కొంచెం ఆగాలి

ఋషికొండ మీద మూడో అంతస్తు, రాత్రి పదకొండున్నర.
ఏసీకి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.
అద్దం అవతల సముద్రం ఉందని
పడవ దీపాలు చెబితే నమ్మడమే.

నా ముందు పైడితల్లి గారి నోటుబుక్కు.
రెండొందల పేజీల రూల్డు, అట్ట మీద టీ మరక.
లేని యంత్రాల్ని పుట్టించడానికి
నలభై ఒక్క మెట్లు.

ఒకటి: ఖాళీ డిస్కు, ఇరవై జీబీ.
రెండు: బయటి లోకం వినబడని నెట్‌వర్కు.
మూడు: అందులో అడ్రసులు పంచేవాడు ఒక్కడే ఉండాలి,
ఇద్దరుంటే కొట్టుకు చస్తారు.
దాని కింద రెండు గీతలు.

ఎనిమిదేళ్ళు, ప్రతి సోమవారం,
ఆవిడ ఇదంతా చేత్తో చేసేవారు.
పదిన్నరకల్లా నాలుగు ఉత్తుత్తి సర్వర్లు
ఒంటి మీద నూలుపోగు లేకుండా లేచి నిలబడి
నేనెవరిని, అని అడిగేవి.
మా సాఫ్ట్‌వేరు వాటికి పేరు పెట్టి, బట్ట తొడిగి,
పని అప్పజెప్పాలి. అదీ పరీక్ష.

మార్చిలో ఆవిడ రిటైరయ్యారు.
నాకు చెప్పిన పని:
ఈ పుస్తకంతో పని లేకుండా చెయ్యి.

పదహారు దాకా సాఫీగా వచ్చింది.
పదిహేడు దగ్గర స్క్రిప్టు కూలబడింది.
అక్కడ ఆవిడ రాసింది రెండే మాటలు:
కొంచెం ఆగాలి.

ఎంత కొంచెం?
ముప్ఫై సెకన్లు పెట్టాను, రెండోది లేవలేదు.
అరవై పెట్టాను, మూడుసార్లు నెగ్గి నాలుగోసారి ముంచింది.
తొంభైకి అన్నీ లేచాయి,
కానీ నలభై పరీక్షలకి ఒక గంట
ఊరికే గాలికి పోయింది.

పొద్దున్న ఫోన్ చేశాను.
వెనక ఎవరో వంజరం బేరమాడుతున్నారు.
"ఏటమ్మా, కొంచెమంటే కొంచెమే గదా.
ఫ్యాను సౌండు మారుతాది,
అప్పుడు తరవాతది నొక్కీడమే."

ఫ్యాను!
ఆ పాత పెట్టె ఆవిడ బల్ల కిందే ఉండేదిట.
నాలుగూ లేచేదాకా రొప్పి రొప్పి
ఒక్క నిట్టూర్పుతో నెమ్మదించేది కాబోలు,
ఆవిడ మోకాలికి తెలిసిపోయేది.
ఇప్పుడా పెట్టె లేదు.
హైదరాబాదులోనో, ఇంకే దేశంలోనో
ఎవరి మోకాలికీ తగలని చోట
మా ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

ఈ రాత్రి ఆ అంకె చెరిపేశాను.
దాని బదులు ఒక ప్రశ్న రాశాను, రెండు సెకన్లకోసారి:
లేచావా?
లేచావా?
ఐదు నిమిషాలైనా పలక్కపోతే
అడగడం ఆపి నన్ను పిలువు.

మొదటిది పద్నాలుగు సెకన్లకే పలికింది.
మూడోది డెబ్బై నాలుగుకి.
దేని నిద్ర దానిది.

ఆ ప్రశ్న పైన, యంత్రం చదవకుండా దాటిపోయే వరుసలో,
ఇక్కడ పైడితల్లి గారు ఫ్యాను వినేవారు, అని రాశాను.
రేపు చూసే కుర్రాడు తీసెయ్యమంటాడేమో.
చూద్దాం.

పన్నెండూ నలభైకి ఆఖరి మెట్టు.
నలభై ఒకటి: అన్నీ తుడిచెయ్యాలి.
అదే గీత మీద, అదే పెన్నుతో, కామా అయినా లేకుండా
ఐదూ నలభై కంచరపాలెం బస్సు.

తుడవడం తొమ్మిది సెకన్లలో అయిపోయింది.
బస్సు సంగతి
స్క్రిప్టులో ఎక్కడ పెట్టాలో తెలియలేదు.