జూన్ నెల బొమ్మ

బెంగుళూరు జరీ సేటు ఇచ్చిన జపాను క్యాలెండరు
ఉరవకొండలో మా మగ్గం గుంత ఎదుట, మేకుకు.
పాతదే. తారీఖులు ఎవరికీ పనికిరావు.
ఈరమ్మత్త మటుకు నెల మారితే కాగితం తిప్పేది.

జనవరిలో గొడుగు మీద మంచు.
"దూదేకే ఇల్లా ఇది?" అనింది.
ఏప్రిల్లో పూలు రాలుతుంటే
మెడ వెనక కిమోనో జారిన మనిషిని చూసి
"టైలరు గుడ్డ మిగుల్చుకున్నాడే" అని నవ్వింది.

జూన్లో వాన.
చినుకులు కావు, నిలువు గీతలు,
పైనుంచి కిందికి తెగని పోగులు.
వంతెన మీద ఒకామె
అంచు పైకెత్తి, చెక్క చెప్పులతో, ఎక్కడికో.

అత్త గీతల్ని వేలితో లెక్కపెట్టింది.
"పడుగు సాపుగా పరిచినాడు మహానుభావుడు,
పేక ఎయ్యడం మరిచినాడు."

జూలై వచ్చింది. ఆగస్టు వచ్చింది.
శెనక్కాయ విత్తనం సంచుల్లోనే ఉంది.
కాగితం తిప్పలేదు అత్త.
చందమామ నెల, ఎర్రాకుల నెల
ఆ వాన వెనకాలే ఉండిపోయినాయి.

మొన్న చీర దించింది మగ్గం మీంచి:
బూడిద నీలం ఒళ్ళు, సన్నని నిలువు చారలు,
పైట చివర గొడుగు బుట్టా, ఒక్కటే.

సేటు తిరగేసి మరగేసి చూసి
రెండువందలు కోత పెట్టినాడు.
గొడుగు ఎక్కువైందంట.