నూట పద్నాలుగు మెట్లు

చిట్టినగర్ కొండమీద మా ఇల్లు.
రోడ్డు నుంచి నూట పద్నాలుగు మెట్లు.
లెక్క నాది కాదు, సువార్తది.
కుట్టుమిషను పైకి మోయించిన రోజు
కూలి బేరం కోసం లెక్కపెట్టింది.

దుఃఖానికి ఐదు మెట్లుంటాయని
పెద్దాసుపత్రిలో కౌన్సెలింగమ్మ చెప్పింది.
మంచి మనిషి.
మా కొండ ఎప్పుడూ ఎక్కినట్టు లేదు.

యాభై రెండో మెట్టు దగ్గర దారి మలుపు తిరుగుతుంది.
పెట్టె అక్కడ ఇరుక్కుంది.
మోసేవాళ్ళు ఎవరి గోడనో, ఎవరి బిందెలనో తిట్టుకున్నారు.
పాస్టరుగారు పాట మధ్యలో ఆపేశారు.
నాకు ఏడుపు రాలేదు, బీరువా గుర్తొచ్చింది.
పెళ్ళైన కొత్తలో అదీ అక్కడే ఇరుక్కుంటే
"కొంచెం ఏటవాలుగా తిప్పండయ్యా" అని
పైనుంచి కేకేసింది తను.
ఈసారి కేకేసేవాళ్ళు లేరు.
చాలాసేపు పట్టింది.

తర్వాత తన ఫోను మోగుతూనే ఉండేది.
"అక్కా, నా జాకెట్టు అయ్యిందా?"
"బయటికెళ్ళింది, సోమవారం రండి" అనేవాణ్ణి.
అబద్ధమాడుతున్నట్టే ఉండేది కాదు.
మూడు సోమవారాలు అలా దాటించాను.
నాలుగో సోమవారం లంబాడీపేట నుంచి ఒకావిడ
మెట్లన్నీ ఎక్కి వచ్చేసింది.
ఆయాసంతో గుమ్మంలో కూలబడి, ఫోటో చూసి,
"చచ్చిపోయిందా తమ్ముడూ?" అంది.
ఆ మాట మా ఇంట్లో వినపడటం అదే మొదలు.
నేను మంచినీళ్ళిచ్చాను.
ఆవిడే సగం తాగి, మిగతాది నాకిచ్చింది.

కోపం మాత్రం రోహిణి కార్తెలో వచ్చింది,
బండలు కాలి, పంపులో నీళ్ళు పైదాకా ఎక్కని రోజుల్లో.
గుండెల్లో మంటను గ్యాసు అన్నందుకు తన మీద.
నమ్మి, పరిగెత్తి సోడా తెచ్చినందుకు నా మీద.
కత్తెర విసిరికొట్టాను.
గోడ పెచ్చు ఊడింది, కత్తెరకేం కాలేదు.

కుట్టని గుడ్డలు తిరిగిచ్చేద్దామని
కొలతల పుస్తకం తీశాను.
"రమీజా. చెయ్యి తొమ్మిది. కుడిభుజం పల్లం.
తనకి చెప్పకూడదు, లోపల గుడ్డ మడత వెయ్యాలి."
"వరాలు. మళ్ళీ కడుపుతో ఉంది, పక్కల్లో వదలాలి."
ఎంతమంది గుట్టు దాచిందో!
చివరి పేజీలో నేనున్నాను.
"ఈయన. మెడ పదిహేనున్నర. పొట్ట రాయను."
నవ్వాను.
ఆ నవ్వు ఎక్కడ విరిగిందో తెలీదు,
పక్కింటి పైడమ్మ పరిగెత్తుకొచ్చింది.

ఇప్పుడు బాగున్నావా అని డిపోలో అడుగుతారు.
కొన్నాళ్ళు లెక్కపెట్టకుండానే ఇంటికి చేరతాను.
కొన్నాళ్ళు ముప్పయ్యో మెట్టు మీద
సంచీ పక్కన పెట్టుకుని కూర్చుంటాను.
నిన్న పైదాకా ఎక్కాను గదా అంటే
ఇవాళ మెట్లు తగ్గవు.
ఒక జాకెట్టుకి హెమ్మింగు మాత్రం నేనే చేశాను,
తను సగంలో సూది గుచ్చి వదిలినచోటు నుంచి.
నా కుట్లు వంకర.
కట్టుకున్నావిడ ఏమీ అనలేదు.

మొన్న కొత్తగా వచ్చినవాళ్ళు ఫ్రిజ్జు ఎక్కిస్తున్నారు.
యాభై రెండో మెట్టు.
అవే తిట్లు.
పాల ప్యాకెట్టు కోసం దిగుతున్నాను నేను.
"కొంచెం ఏటవాలుగా తిప్పండయ్యా!"
ఎవరన్నారా అని వెనక్కి చూశాను.
ఫ్రిజ్జు తిరిగింది.
వాళ్ళు దాటేదాకా గోడకి ఒత్తుకుని నించుని,
పాలు మర్చిపోయి
పైకొచ్చేశాను.

మళ్ళీ దిగాను.